కొవ్వు డబ్బా

స్టేషను దగ్గర కొన్న ఐసుగడ్డ మిషన్ బడికి చేరేసరికి సగమే మిగిలింది. గోనెపట్టా చుట్టి తలమీద మోసుకొచ్చిన ఆయా లచ్చమ్మకు వీపంతా తడిసిపోయింది. మెడకు రంపపు పొట్టు అంటుకుంది. ఆమె ఆరో తరగతి గుమ్మం ముందు బకెట్టు దించి, గడ్డను అందులో వేసి, పచ్చడిబండతో నాలుగు దెబ్బలు వేసింది. ముక్కలు ఎగిరి వరండాలో పడ్డాయి. ఆడపిల్లలు బెంచీల మీంచి లేచి మెడలు చాచారు.

"జల్ది కానియ్యుండ్రి టీచరమ్మా. ఇది మనకోసం ఆగది" అంది లచ్చమ్మ.

"కొవ్వు తెచ్చావా?" అని అడిగింది డోరా.

లచ్చమ్మ కొంగుకింద నుంచి బిస్కెట్ల డబ్బా ఒకటి తీసి బల్లమీద పెట్టింది. "ప్రభుదాస్ ఇచ్చిండు. మిగిలింది వాపస్ తెమ్మన్నడు. తేకుంటే నన్నే పొయ్యిల పెడ్తడంట."

డోరా మూత తీసింది. లోపల తెల్లగా, గట్టిగా గడ్డకట్టిన కొవ్వు. చెంచాతో తీసి అరచేతిలో పెట్టుకుని మెత్తబడేదాకా నలిపింది. బందరులో పుట్టి పెరిగిన డోరాకు ఇరవై నాలుగేళ్ళు. ఈ బడిలో చేరి మూడు నెలలే అయింది. చేరిన దగ్గర్నుంచీ ఈ పాఠం కోసమే చూస్తోంది. గోడకు వేలాడదీసిన కాగితం మీద తానే నీలిరంగుతో డాల్ఫిన్ బొమ్మ గీసింది.

"డాల్ఫిన్ చేపలా కనబడుతుంది కాని చేప కాదు. పిల్లల్ని కంటుంది, పాలిస్తుంది. మనలాగే ఊపిరి పీలుస్తుంది, అందుకే మాటిమాటికీ నీళ్ళపైకి వస్తుంది. బందరు దగ్గర మా బాబాయి పడవ పక్కనే రెండు గెంతితే చూశాను. దాని ఒళ్ళు కూడా మన ఒంటిలాగే వెచ్చగా ఉండాలి. చల్లటి సముద్రంలో ఎప్పుడూ ఉండే దానికి ఆ వెచ్చదనం ఎలా నిలుస్తుంది?"

"స్వెట్టర్ ఏసుకుంటది టీచర్" అన్నారెవరో వెనకనుంచి. గది గొల్లుమంది.

"నిజమే, వేసుకుంటుంది. చర్మం లోపల వేసుకుంటుంది. గాలికంటే నీళ్ళు మన ఒంట్లో వేడిని చాలా తొందరగా లాగేస్తాయి. డాల్ఫిన్‌కు చర్మం కిందే మందంగా కొవ్వు పొర ఉంటుంది. లోపలి వేడిని కొవ్వు త్వరగా బయటికి పోనివ్వదు. ఇప్పుడు మీరే చూద్దురుగాని. ఎవరొస్తారు?"

నలుగురు లేచారు. హాస్టల్ పిల్లలు ఇద్దరు, జనరల్ బజారు కంసాలి బ్రహ్మచారి కూతురు సుమిత్ర, సుమిత్ర పక్కింటి పిల్ల ఖైరున్నీసా. డోరా ఒక్కొక్కరి కుడిచేతికి వేళ్ళ సందులు కూడా కనబడకుండా కొవ్వు మందంగా పట్టించి, పైన మల్లుగుడ్డ చుట్టింది. ఎడమచేతిని ఉత్తగా వదిలింది. రెండు చేతులూ ఒకేసారి బకెట్లో ముంచమంది. ఇరవై లెక్కపెట్టక ముందే నాలుగు ఎడమచేతులు పైకి లేచాయి. కుడిచేతులు నీళ్ళలోనే ఉండిపోయాయి.

"యా అల్లా, ఈ చెయ్యికి ఏం తెలుస్తలేదు!" అని ఖైరున్నీసా అరిచింది.

"గట్లయితే ప్రభుదాస్ తాతను సముద్రంల ఏస్తే చలే పెట్టది" అంది సుమిత్ర. ఆ వంటమనిషి బొజ్జ అందరికీ తెలిసిందే. పిల్లలు బెంచీలు చరుస్తూ నవ్వారు. డోరా కూడా నవ్వాపుకోలేకపోయింది.

గుమ్మం బయట నిలబడ్డ లచ్చమ్మ, నవ్వు దేనికో తెలియకపోయినా నవ్వింది. తర్వాత నాలుగు చేతులనూ కుంకుడు రసంతో కడిగింది. డబ్బా అంచులు తుడిచి, మూత బిగించి వంటింటికి తీసుకుపోయింది.

అది బుధవారం. గురువారం సుమిత్ర రాలేదు. ఖైరున్నీసా కూడా రాలేదు.

*

శనివారం ఉదయం ప్రార్థన అయ్యాక హెడ్‌మిస్ట్రెస్ కాంతమణి డోరాను తన గదికి పిలిచింది. డ్రాయింగు మాస్టారు సామ్యూల్ అప్పటికే అక్కడ ఉన్నాడు. బల్లమీద హాజరుపట్టీ తెరిచి ఉంది.

"మాస్టారు నిన్న బజారుకు వెళ్ళారు. అక్కడ విన్నది చెప్పండి" అంది కాంతమణి.

సామ్యూల్ గొంతు తగ్గించాడు. "కంసాలుల సందులో ఇద్దరు ఆడవాళ్ళు మాట్లాడుకుంటున్నారండీ. మిషన్ బడిలో పిల్లల చేతులకు కొవ్వు పూశారట అని. నేను ఆగకుండా వచ్చేశాను."

కాంతమణి వేలు హాజరుపట్టీలో రెండు పేర్లమీద ఆగింది. ఆ పేజీలో ఇంకా చాలా గైర్హాజరు చుక్కలు ఉన్నాయి. వాటి మీదికి ఆమె వేలు పోలేదు. "చేతులు పెట్టిన బయటి పిల్లలు ఈ ఇద్దరే. ఇద్దరూ ఆ మర్నాటి నుంచి మానేశారు. ఏ కొవ్వది, డోరా?"

ఆ ప్రశ్న చెవిన పడేదాకా డోరాకు ఆ ఆలోచనే రాలేదు. బందరులో వాళ్ళింట్లో కొవ్వంటే కొవ్వే. ఆదివారం మాంసం వండాక గిన్నె అంచున మిగిలేది, రొట్టెకు రాసుకునేది. అది దేనిదని ఎవరూ అడిగేవారు కాదు.

"లచ్చమ్మ తెచ్చింది అమ్మగారూ. నాకు తెలియదు."

రెండూ నిజాలే. తెమ్మన్నది ఎవరన్న మాట మాత్రం ఆమె నోట్లోనే ఉండిపోయింది.

లచ్చమ్మను పిలిచారు. ఆమె చేతిలో చీపురుతోనే వచ్చి, దాన్ని గుమ్మం బయట గోడకు ఆనించి, లోపలికి ఒక్క అడుగు వేసి నిలబడింది.

"ఆ కొవ్వు ఎక్కడిది?"

"వంటింట్లకెల్లి తెచ్చిన. ప్రభుదాస్ ఇచ్చిండు."

"దేని కొవ్వో అడిగావా?"

"లేదమ్మా."

"ఒకటైతే సుమిత్ర వాళ్ళకు పనికిరాదు, ఇంకొకటైతే ఖైరున్నీసా వాళ్ళకు పనికిరాదు. ఊళ్ళో పరిస్థితి ఎలా ఉందో చూస్తున్నావుగా? రోడ్డు మీద రోజూ కవాతులు. ఎప్పుడు ఎవరు గేటు ముందుకొస్తారో తెలియదు. నలభైమంది ఆడపిల్లలు ఉన్నారు నా హాస్టల్లో. మాకు తోచకపోతే పోయింది, నీకైనా తెలియొద్దా?"

లచ్చమ్మ డోరా వైపు చూసింది. ఆ చూపులో నిందేమీ లేదు. తరగతిలో మరిచిపోయిన సుద్దముక్కను చాచి పట్టుకుని, టీచరు అందుకుంటుందని ఎదురుచూసినట్టు చూసింది. డోరా కలం మూత తీసింది, పెట్టింది, మళ్ళీ తీసింది. తనకు ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. బెజవాడ రైళ్ళు ఆగిపోయి పది రోజులైంది. ఈ గేటు దాటితే తలదాచుకోవడానికి ఈ ఊళ్ళో ఒక్క గడప లేదు.

"రేపు బడిలో నీ గది ఖాళీ చెయ్యి లచ్చమ్మా. ఎవరైనా వచ్చి అడిగితే పొరపాటు ఆయాది, పంపించేశామని చెబుతాను" అంది కాంతమణి. ఆ మాట అన్నాక ఆమె కళ్ళద్దాలు తీసి చాలాసేపు తుడుచుకుంది.

ఆదివారం మిషన్ చర్చి గుడి గంట మోగుతుండగా లచ్చమ్మ బయలుదేరింది. తలమీద బట్టలమూట, చంకలో రెండు గిన్నెలు. అల్వాల్‌లో ఆమె చెల్లెలు ఉంది. గేటు దగ్గర వంటమనిషి ప్రభుదాస్ ఎదురొచ్చి కాగితంలో చుట్టిన రొట్టె చేతిలో పెట్టాడు.

"గాడీలు నడుస్తలేవు. రోడ్డు మీద ఎవలన్న ఆపితే ఏం జెప్తవు?"

"ఏం జెప్త? అల్వాల్ పోతున్న అని చెప్త."

"ఎందుకు పోతున్నవని అడిగితే?"

"గది నాకు తెలిస్తె కద తాతా" అంది లచ్చమ్మ. మూట సర్దుకుని వెళ్ళిపోయింది.

డోరా గేటు పక్కనే ఉన్న గుడి మెట్లమీద నిలబడి అదంతా విన్నది. పాట మొదలయ్యాక లోపలికి వెళ్ళింది.

*

మర్నాడు ఇండియా సైన్యంతో యుద్ధం మొదలైంది. పొద్దున్నే విమానాల మోత వినబడింది. పిల్లలు కిటికీల దగ్గరికి పరుగెత్తితే డోరా ఒక్కొక్కర్నీ చెయ్యి పట్టి వెనక్కి లాగింది. కిటికీ అద్దాలకు నల్లకాగితం అంటించారు. బడి మూశారు. హాస్టల్ పిల్లలు హాల్లోనే చాపలు వేసుకున్నారు.

రోజుకొక కబురు వచ్చేది. పాలవాడు ఒకటి చెప్పేవాడు, గేటు కావలివాడు దానికి విరుద్ధంగా ఇంకొకటి చెప్పేవాడు. అల్వాల్ రోడ్డున మనుషుల్ని కొట్టారని ఒక రోజు, అటు అసలు అడుగే పెట్టనివ్వడం లేదని మరో రోజు. వాన పడుతూనే ఉంది. పిల్లలకు అన్నం వడ్డిస్తూ డోరా గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయేది. లచ్చమ్మ చేరిందా? ఆ మూట చూసి ఎవరైనా ఆపారా? ఎందుకు పోతున్నావని అడిగితే ఏం చెప్పి ఉంటుంది?

బుధవారం ఆమె వంటింట్లోకి వెళ్ళింది. ప్రభుదాస్ తడిసిన కట్టెలు ఊదుకుంటూ దగ్గుతున్నాడు. బిస్కెట్ల డబ్బా పైన అరలో ఉంది.

"తాతా, అందులో ఉన్నది దేని కొవ్వు?"

"ఒక్కటా అమ్మా? మేకది ఉంటది, ఎద్దుది ఉంటది. క్రిస్మస్‌కి పందిమాంసం తెస్తం కద, దానిది సుత. అన్నీ కాచి, వడగట్టి, అండ్లనే పోస్త. కేకుకు మంచిగుంటది." అతను పొయ్యి వదిలి ఆమె ముఖంలోకి చూశాడు. "లచ్చమ్మ నన్ను అడిగుంటే సుత ఇదే చెప్తుంటి. డబ్బా మాత్రం ఇచ్చేటోన్నే. టీచరమ్మ తెమ్మన్నదంటే నేను కాదంటనా?"

ప్రభుదాస్ మళ్ళీ పొయ్యి వైపు తిరిగాడు. "కూసో అమ్మా. చాయ్ ఇస్త. మూడు దినాలాయె నువ్వు సరిగ తినక" అన్నాడు, ఆమెను చూడకుండానే.

శుక్రవారం సాయంత్రం రేడియోలో యుద్ధం ఆగిందని చెప్పారు. శనివారం ఇండియా సైన్యం ఊళ్ళోకి వచ్చింది. బొల్లారం వైపునుంచి బళ్ళ చప్పుడు చాలాసేపు వినబడింది. పిల్లలు కొందరు చప్పట్లు కొట్టారు, కొందరు ఏడ్చారు. ఆదివారం గుడిలో ప్రార్థన అవగానే డోరా గొడుగు తీసుకుని జనరల్ బజారుకు బయలుదేరింది. దారిపొడుగునా, చెప్పవలసిన మాటలను పాఠం వల్లించినట్టు లోలోపలే చెప్పుకుంటూ నడిచింది.

*

కంసాలుల సందులో దుకాణాలన్నీ మూసే ఉన్నాయి. బ్రహ్మచారి తన అరుగుమీద కూర్చుని కుంపటిలో బూడిదను జల్లెడ పడుతున్నాడు. వేళ్ళతో తడుముతూ మెరుగు కోసం వెతుకుతున్నాడు. డోరాను చూసి గబగబా లేచి పంచెకు చేతులు తుడుచుకున్నాడు.

"మా సుమిత్ర టీచరమ్మ కదా! రాండ్రి, రాండ్రి. బడి ఎప్పుడు తెరుస్తున్నరు? ఇంట్ల మా పానం తీస్తున్నరు ఇద్దరు."

ఇద్దరు అన్నాడెందుకో లోపలి నడవలోకి రాగానే తెలిసింది. ఇత్తడి గంగాళం చుట్టూ సుమిత్ర, ఖైరున్నీసా కూర్చుని ఉన్నారు. సుమిత్ర చేతికి మోచేతి దాకా నెయ్యి. పక్కన ఆ పిల్ల నాయనమ్మ నుదురు కొట్టుకుంటోంది.

"టీచర్ వచ్చింది!" అంటూ ఖైరున్నీసా లేచి నిలబడింది.

"నువ్వేనా ఆ టీచరువు?" అంది ముసలామె. "వారం దినాల సంది ఇదే ఆట. పావుశేరు నెయ్యి నాశినం జేసిన్రు. ఎక్కడ్నో సముద్రంల చేపకు చలి పెడ్తదని మా ఇంట్ల నెయ్యెందుకు అవుజేసుడు?"

"చేప గాదు నానమ్మా, ఎన్నిమార్లు చెప్పాలె? నీళ్ళు దాని ఒంట్ల వేడిని గుంజుతయి. తోలు కింద కొవ్వుంటది, అది గుంజనియ్యది" అని సుమిత్ర కసురుకుంది.

"అయితే నాకెందుకు చలి పెడ్తది? నేను సన్నగున్ననా?"

పిల్లలిద్దరూ ఒకరిమీద ఒకరు పడి నవ్వారు. వెనకగదిలోంచి ఒక ఆడగొంతు ఉర్దూలో నెమ్మదిగా మందలించింది. ఖైరున్నీసా తల్లి.

బ్రహ్మచారి గొంతు తగ్గించాడు. "పక్కింటోళ్ళు. మొన్నటిసంది ఇక్కడ్నే ఉన్నరు. ముందు నాలుగు దినాలు మేం వాళ్ళింట్ల ఉంటిమి. ఇప్పుడు భయం వాళ్ళకాయె, వాళ్ళు మా ఇంట్ల. ఏం జేస్తం, దినాలు గట్లున్నయి."

డోరా అతన్ని అరుగుమీదికి రమ్మంది. వల్లించుకున్న మాటలేవీ గుర్తురాలేదు.

"పిల్లను బడి మాన్పించింది ఆ కొవ్వు పాఠం వల్లనే కదండీ? మీరు కోపంగా ఉన్నారని..."

"కోపమా? ఎవలు చెప్పిన్రు? లడాయి వస్తదని అందరు పరేషాన్ల ఉన్నరు. సందుల ఒక్కలన్న పంపిన్రా పిల్లలను? మా పిల్లనే సందంత తిరిగి చెప్పింది, మా బడిల చేతులకు కొవ్వు పూసిన్రు, చలే పెట్టలే అని. ఆడోళ్ళందరు నవ్వుకున్నరు."

డోరాకు హాజరుపట్టీలో ఆ పేజీ కళ్ళముందుకు వచ్చింది. అన్ని చుక్కల్లో రెంటినే చూసిన వేలు కూడా గుర్తొచ్చింది. ఇక్కడితో లేచి వెళ్ళిపోవచ్చు. ఎవరికీ ఏ బాధా లేదు. కాని ఆమె లేవలేదు.

"అది వంటింటి కొవ్వండీ. మేకది, ఎద్దుది, పందిది, అన్నీ కలిసినది. నేను అడగకుండా పిల్లల చేతులకు రాశాను. తెమ్మన్నది నేనే. పని మాత్రం మా ఆయాకు పోయింది."

బ్రహ్మచారి ముఖంలో నవ్వు పోయింది. అతను జల్లెడను చేతిలోకి తీసుకుని, ఏమీ లేని జల్లెడనే కాసేపు ఆడించాడు. కుంపటిలో బూడిద గాలికి లేచి అతని మోకాళ్ళమీద పడింది. ఒకసారి లోపలి నడవ వైపు చూశాడు. ముసలామె సుమిత్ర చేతిని కొంగుతో తుడుస్తోంది. ఆ చేత్తోనే పిల్ల ఆమె బుగ్గ గిల్లింది.

"ఇది నాకు చెప్పకుంటే మంచిగుండు" అన్నాడు చివరికి.

"అవునండీ."

"మా అమ్మకు చెప్పొద్దు. ఆమె వారం దినాలు తిండి మానుకుంటది. వాళ్ళకు సుత చెప్పొద్దు, ఇప్పటికే మస్తు తక్లీఫ్ల ఉన్నరు. నేను సుత విననట్టే ఉంట." ఊపిరి పీల్చుకున్నాడు. "మల్ల గిట్ల చెయ్యకుండ్రి. నెయ్యి గావాలంటే అడుగుండ్రి, పంపిస్త. మా అమ్మ ఒర్రితే ఒర్రనియ్యుండ్రి."

డోరా తల వంచుకుంది.

"ఆ ఆయమ్మ ఏడున్నది?"

"అల్వాల్‌లో. అక్కడికి చేరిందో లేదో తెలియదు."

"అయితే ఇక్కడేం జేస్తున్నరు టీచరమ్మా మీరు?" అన్నాడు బ్రహ్మచారి. గొంతు గట్టిగా లేదు. కాని డోరా గొడుగు కూడా అక్కడే మరిచిపోయి లేచింది. సందు మలుపు దాకా సుమిత్ర పరుగెత్తుకొచ్చి ఇచ్చింది.

*

కాంతమణి అంతా విన్నది. "ఇప్పుడెందుకు చెబుతున్నావు? ఎవరూ ఫిర్యాదు చెయ్యలేదు, అంతా సర్దుకుంది" అంది.

"లచ్చమ్మకు సర్దుకోలేదు కదండీ. ఆవేళ మీరు అడిగినప్పుడు తెమ్మన్నది నేనేనని చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు. నన్ను తీసేసినా సరే, ఆమెను పిలిపించండి."

కాంతమణి కళ్ళద్దాలు సవరించుకుంది. కాగితం తీసి నాలుగు వాక్యాలు రాసి, బడి ముద్ర వేసి, మడిచి ఇచ్చింది. "నువ్వెళ్ళు. నిన్ను తీసేస్తే పాఠం ఎవరు చెబుతారు? ప్రభుదాస్‌ను దారికి ఏమైనా కట్టి ఇమ్మను" అంది.

సోమవారం రిక్షావాడు సగం దారి దాకానే వచ్చాడు. అక్కడి నుంచి డోరా నడిచింది. మిలిటరీ లారీ వచ్చినప్పుడల్లా పక్కకు తప్పుకుని నిలబడింది. అల్వాల్‌లో నలుగురిని అడిగితే ఐదో మనిషి ఇల్లు చూపించింది.

లచ్చమ్మ పంచలో గోనెపట్టా పరుచుకుని మొక్కజొన్న కంకులు ఒలుస్తోంది. కాలికి పాతగుడ్డ కట్టు ఉంది. ఆమెను చూడగానే డోరా పిలవకుండానే వచ్చి గోనెమీద కూర్చుంది.

"కాలికేమైంది?"

"మూట సూస్తమని ఇద్దరు ఆపిన్రు. గిన్నెలు గుంజుకున్నరు. నేను ఉరికిన, ముల్లు ఇరిగింది. తగ్గిపోయింది." ఒక కంకి డోరా ఒళ్ళో వేసింది. "కూసున్నరు కద, ఒలుసుండ్రి."

డోరా ఒలిచింది. రెండు కంకులకే బొటనవేలు మండింది.

"గా దినం అందరు ఎందుకు నవ్విన్రు టీచరమ్మా? ఐసు మోసిన్నే గాని, ఎందుకో నాకెవ్వరు చెప్పలే."

డోరా చెప్పింది. సముద్రం గురించి, వేడిని లాగేసే నీళ్ళ గురించి, చర్మం కింది కొవ్వు గురించి, ప్రభుదాస్ మీద సుమిత్ర అన్న మాట గురించి. లచ్చమ్మ కంకి పక్కనపెట్టి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. "తాతకు చెప్పిన్రా? చెప్పకుండ్రి, కోపానికి కూరల ఉప్పెక్కువ ఏస్తడు."

ఆ నవ్వు ఆగాక డోరా ఉత్తరం తీసింది. "అమ్మగారు ఇచ్చారు."

"నాకు సదువస్తదా? మీరే సదువుండ్రి."

డోరా మడత విప్పి చదవడం మొదలుపెట్టింది. "ఆయా లచ్చమ్మ చేసిన పొరపాటును ఈసారికి క్షమించడమైనది. పూర్వపు పనిలో..." ఆమె చదవడం ఆపింది. దారిలో ఒక్కసారి విప్పి చూసుకోనందుకు తనను తాను తిట్టుకుంది.

"నన్ను క్షమించిన్రా?" అంది లచ్చమ్మ. ఇద్దరి మధ్యా కంకుల పొట్టు గాలికి కదిలింది. "నేనేం జేసిన?"

డోరా కలం తీసింది. ఆ ముద్ర ఉన్న కాగితాన్నే తిప్పి, వెనకవైపు మోకాలి మీద పెట్టుకుని రాసింది. రాసినంతసేపూ లచ్చమ్మ ఆ కలాన్నే చూసింది. డోరా చదివి వినిపించింది.

"కొవ్వు తెమ్మని లచ్చమ్మకు చెప్పినది నేను. అది దేనిదో అడగనిది నేను. తప్పు నాది. అడిగినప్పుడు నేను చెప్పలేదు. డోరా, సైన్సు టీచరు."

"మల్లొక్కసారి సదువుండ్రి."

డోరా మళ్ళీ చదివింది.

"ఇది ఎవలకియ్యాలె?"

"ఎవరికీ వద్దు. నీ దగ్గరే ఉంచుకో."

లచ్చమ్మ చేతులు చీరకు తుడుచుకుని కాగితం అందుకుంది. వెనకా ముందూ తిప్పి చూసి, నాలుగు మడతలు పెట్టి, నడుముకు దోపుకున్న సంచిలో పెట్టింది.

"కాలు తగ్గినంక వస్త. కాని ఆ గది వద్దు. ఇక్కడికెల్లే వస్త, పనైనంక ఇక్కడికే వస్త. మీ గేటు లోపట ఉండ, దాని తాళం మీ దగ్గర్నే ఉండనియ్యుండ్రి" అంది.

"రోజూ ఇంత దూరమా?"

"వారం కింద మూటతోని నడిచిన. ఉత్తచేతులతోని నడువనా?" బుట్టను డోరా వైపు జరిపింది. "మొగులు పట్టింది, వానొస్తది. ఇవి ఒలిచినంక పోదురు. రెండు చేతులైతే జల్ది అయితది."

డోరా చెప్పులు విప్పి పక్కన పెట్టి, సర్దుకుని కూర్చుంది.